నలభై కాదు, ఇరవై మూడు

మా వదిన కోటు కొక్కేనికి తగిలించబోతే చేతిలోంచి జారి నా కాలి మీద పడింది. ప్రాణం లేచిపోయినట్టయింది. గుడ్డకి ఇంత బరువేమిటని జేబులో చెయ్యి పెడితే ఇనప దిమ్మ తగిలింది. ఆ జేబులో రెండు, ఈ జేబులో రెండు. గుడ్డ కత్తిరించేటప్పుడు కదలకుండా నాలుగు మూలలా పెట్టుకునే దిమ్మలు అవి. ఒక్కోటి రెండు కిలోలు.

"ఆపరేషన్‌కి వస్తూ ఇవెందుకు మోసుకొచ్చావు వదినా?" అన్నాను బొటనవేలు నొక్కుకుంటూ.

"మెల్లిగా మాట్లాడవే. తలుపు తీసుంది," అంది వదిన. ఆసుపత్రి వాళ్లిచ్చిన ఆకుపచ్చ గౌనులో ఆవిడ, కర్రకి తొడిగిన చొక్కాలా ఉంది. "పొద్దున వార్డులో తూకం చూశారు కదా. చలేస్తోంది, కోటు విప్పనన్నాను. నలభై ఏడు అని రాసుకున్నారు. అంతే."

"మరి అసలు బరువెంత?"

"లెక్కలు రావా నీకు? నాలుగు రెళ్లు ఎనిమిది. తీసెయ్యి."

ముప్ఫై తొమ్మిది.

వదిన అంటే మా ఆయనకి అక్క. మా అత్తమామలు పోయేనాటికి ఆయనకి ఎనిమిదేళ్లు. కుట్టుమిషను తొక్కి ఆయన్ని చదివించింది, పెళ్లి చేసింది, నన్ను తెచ్చి ఇంట్లో పెట్టింది. తను మాత్రం పెళ్లి చేసుకోలేదు. బడి పిల్లల యూనిఫారాలు కుడుతుంది. ఆవిడ చేత్తో కుట్టిన కాలరు రెండు వైపులా ఒకేలా ఉంటుంది, ఏది లోపలో ఏది పైనో చెప్పలేం. ఆవిడ ఎంత తిన్నా ఒంటికి పట్టదు. "మా అక్క తిన్నదంతా నాలుకకే పడుతుంది," అంటారు మా ఆయన, ఆవిడ ఊళ్లో లేనప్పుడు.

ఏడాదిగా ఆవిడ కుడిచేతి వేళ్లు మొద్దుబారుతున్నాయి. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయింది. పైనున్న పట్టీలాంటి పొరని కోసి వదులు చేస్తే చాలు, పది నిమిషాల పని. రెండు నెలల కింద తీసుకొస్తే వెనక్కి పంపించారు. నలభై ఐదు కిలోల లోపు వాళ్లని ఆపరేషన్ గదిలోకి రానివ్వకూడదని మా ఆసుపత్రి నియమం. బరువు పెరిగి రమ్మన్నారు. జబ్బుల డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, ఏ జబ్బూ లేదు, మనిషే సన్నం అని కాగితం మీద రాసిచ్చాడు. రెండు నెలలు పాలు, గుడ్లు, అరటిపళ్లు. పావుకిలో కూడా పెరగలేదు. పోయిన వారం చూపుడువేలిని కాలరుతో కలిపి కుట్టేసుకుంది. తెల్లగుడ్డ మీద ఎర్రచుక్క చూసేదాకా సూది దిగినట్టు ఆవిడకి తెలియలేదు.

"ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి," అంది వదిన.

"వదినా..."

"దేవుడి మీద ఒట్టు. నీకు నా మీద ఒట్టంటే లెక్కలేదని తెలుసు."

నేను ఆ ఆపరేషన్ గదిలో పద్దెనిమిదేళ్లుగా నర్సుని. పెద్ద చదువు లేదు, చెప్పిన పని శ్రద్ధగా చెయ్యడం తెలుసు. రోజూ దేవుడికి దండం పెట్టుకోకుండా గడప దాటను. ఆయన పేరు మీద ఒట్టు అంటే నాకు ఆషామాషీ కాదు. కానీ ఆ క్షణంలో, ఇది కాగితం మీది అంకే కదా, దీనివల్ల ఎవరికేం నష్టం అనుకున్నాను. ఒట్టేశాను.

ఆపరేషన్ గదిలోకి వచ్చి ట్రే మీద కప్పిన గుడ్డ తీశాక గాని నాకు బుద్ధి రాలేదు.

ఈ ఆపరేషన్‌కి మనిషికి మత్తు ఇవ్వరు, చేతికి ఒక్కదానికే ఇస్తారు. చెయ్యి పైకెత్తి, వేళ్ల దగ్గర్నుంచి పైదాకా రబ్బరు పట్టీ గట్టిగా చుట్టి అందులోని రక్తాన్ని వెనక్కి పంపేస్తారు. తర్వాత మోచేతి పైన గాలి పట్టీ కట్టి బిగిస్తారు. ఇంక పైనుంచి కిందికి గాని, కిందనుంచి పైకి గాని రక్తం కదలదు. అప్పుడు అరచేతి వెనక రక్తనాళంలోకి మొద్దుబార్చే మందు ఎక్కిస్తారు. మందు ఆ చేతిలోనే ఉండిపోతుంది. గాలి పట్టీ ఆనకట్ట లాంటిదన్నమాట. అది నిలబడినంతసేపూ భయం లేదు. మందెక్కిన ఇరవై నిమిషాల లోపు అది వదులైతే మాత్రం మందంతా ఒక్కసారిగా గుండెకీ తలకీ పోతుంది.

మా దగ్గర ఒక అలవాటు. ఆ రోజు ఎన్ని చేతులుంటే అన్ని జతల సిరంజిలు పొద్దున్నే నింపి వరసగా పెట్టేస్తాం. సిరంజికి ఇరవై, జతకి నలభై మిల్లీలీటర్లు. పెద్దవాళ్లందరికీ నలభై. బీరువా తలుపు మీద కూడా అలాగే రాసి అంటించి ఉంది. అసలు ఆ నలభై ఐదు కిలోల నియమం పుట్టిందే అందుకు. బక్కవాళ్లు లోపలికి రాకపోతే ఎవరూ లెక్క వెయ్యక్కర్లేదు కదా.

ఎదురుగా గోడ మీద మందుల పట్టిక కూడా ఉంది, దుమ్ము పట్టి. కిలోకి మూడు మిల్లీగ్రాములు మించకూడదని అందులో రాసి ఉంది. మా సిరంజిలో మిల్లీలీటరుకి ఐదు మిల్లీగ్రాములు. నలభైకి రెండువందలు. వదిన ముప్ఫై తొమ్మిది కిలోలకి నూట పదిహేడు దాటకూడదు. అంటే ఇరవై మూడు మిల్లీలీటర్లు. దిమ్మలతో కలిపి నలభై ఏడుకి వేసినా ఇరవై ఎనిమిదే వచ్చింది. లెక్క మళ్లీ వేశాను. మళ్లీ అంతే.

అంటే ఆ నియమానికి కూడా లెక్క లేదు. పద్దెనిమిదేళ్లుగా ఆ నలభైలు నింపింది నేనే. ఒక్కరోజు కూడా తలెత్తి గోడకేసి చూడలేదు.

పన్నెండేళ్ల కిందట ఒకసారి పట్టీ ఊడడం నేను కళ్లారా చూశాను. బస్తాలు మోసే మనిషి, ఎనభై కిలోల పైన. నాలుక మందంగా ఉందన్నాడు, కళ్లు తేలేశాడు, మొహమంతా ఫిట్స్ వచ్చినట్టు ఎగిరిపడింది. అంత మనిషి కాబట్టి తట్టుకున్నాడు. వదిన చెయ్యి నా మూడు వేళ్ల లావు. ఆ చేతికి గాలి పట్టీ కుదురుగా పట్టదు, కింద దూది ఎంత చుట్టినా జారుతుంది.

చేతులు కడుక్కుంటూ నిలబడ్డాను. స్వామీ, నీ పేరు మీద మాటిచ్చాను. ఆ మాట నిలబెడితే ఈ మనిషికి ప్రమాదం. తప్పితే నీకు కోపం. నీకు నీ పేరు ముఖ్యమా, ఈ మనిషి ముఖ్యమా? ఇలా అడగడం తప్పేమో నాకు తెలియదు. నీళ్లు పోతూనే ఉన్నాయి. కుళాయి కట్టేసి లోపలికి వెళ్లాను.

వదిన బల్ల మీద పడుకుని ఉంది. మత్తు డాక్టరు గారు అప్పటికే కుడిచేతికి మందు కోసం, ఎడమచేతికి ముందుజాగ్రత్తకి సూదులు పెట్టి, పట్టీలు చుట్టే పనిలో ఉన్నారు. చెడ్డ మనిషి కాదు. చెయ్యి మంచిది, తొందర ఎక్కువ. మధ్యలో ఎవరైనా ప్రశ్న వేస్తే మాత్రం గిట్టదు.

"సార్, ఈవిడకి కొంచెం తగ్గించి ఇద్దామా?" అన్నాను. ఒట్టు తప్పకుండా దాటిపోవచ్చేమోనని నా ఆశ.

"ఎందుకు?"

"సన్నగా ఉన్నారు కదా సార్."

ఆయన కాగితం వంక చూశారు. "నలభై ఏడు. నలభై ఐదు దాటింది. నలభై ఇవ్వడమే. సిరంజి ఇవ్వమ్మా."

చెయ్యి చాపారు. నేను ట్రే ఎత్తి వెనక్కి ఒక అడుగు వేశాను. ఎలా వేశానో ఇప్పటికీ తెలియదు. కాళ్లు వాటంతట అవే నడిచాయి.

"ఏమిటది?"

"ఇవ్వను సార్."

బల్ల మీదనుంచి వదిన తల తిప్పి నాకేసి ఉరిమి చూసింది.

"నేను పదేళ్లుగా నలభై ఇస్తున్నాను," అన్నారు డాక్టరు గారు, ఒక్కో మాటా విడివిడిగా. "ఎవరికైనా ఏమైనా అయిందా?"

"నాకు తెలుసు సార్. ఆ నలభైలన్నీ నింపింది నేనే. గోడ మీద పట్టిక చూడండి. కిలోకి మూడు. నలభై ఏడుకి వేసినా ఇరవై ఎనిమిది దాటకూడదు."

"పట్టీ ఉంటుంది కదమ్మా. మందు ఎక్కడికి పోతుంది?"

"ఆ పట్టీ ఈ చేతి మీద నిలబడుతుందని మీరు రాసిస్తారా సార్?"

ఆయన మొహం ఎర్రబడింది. "బయటికి వెళ్లండి. ఇంకొకరిని పంపండి."

"వెళతాను. ట్రే నాతోనే వస్తుంది."

ఆ మాట పైకి అనేశాక నాకే భయం వేసింది. అయినా వెనక్కి తీసుకోవాలని అనిపించలేదు. తలుపు తోసుకుని ఎముకల డాక్టరు గారు వచ్చారు, చేతులు కడుక్కుని నీళ్లు కారుతున్న మోచేతులతో. మనిషి ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు.

"ఏమిటి, ట్రే ఎత్తుకుని పారిపోతున్నారా? అందులో బంగారం ఏమైనా ఉందా?"

"బరువు మళ్లీ చూడండి సార్," అన్నాను. ఇంక దాటవెయ్యడానికి దారి లేదు. "ఈవిడ నలభై ఏడు కాదు. కోటు జేబుల్లో ఇనప దిమ్మలు పెట్టుకుని తూకం ఎక్కారు."

"ఓసి నీ నోరు పడ!" వదిన బల్ల మీదే సగం లేచింది. "దేవుడి మీద ఒట్టేశావు కదే! ఇంకా పావుగంట కాలేదు!"

"వేశాను. తప్పాను."

"కళ్లు పోతాయి!"

"పోతే పోనీ. నువ్వుంటే చాలు, తిట్టడానికి."

ఎముకల డాక్టరు గారు నవ్వాపుకోలేక గోడకేసి తిరిగారు. మత్తు డాక్టరు గారు మాత్రం నవ్వలేదు. పట్టీలు విప్పించి, కాంపౌండరు చేత తూకం మిషను తెప్పించారు. వదిన సూదులున్న చేతులు రెండూ పైకెత్తి, లొంగిపోయిన దొంగలా దాని మీద ఎక్కి నిలబడింది. ముల్లు ముప్ఫై తొమ్మిది దగ్గర ఆగింది. ఆయన దాన్ని చాలాసేపు చూశారు. తర్వాత గోడ మీద పట్టికకేసి చూశారు. నేను అది గమనించానని ఆయనకి తెలుసు.

"సరే. ఈ ఆపరేషన్ జరగదు," అన్నారు. "నియమం నియమమే. వార్డుకి తీసుకెళ్లండి."

సరిగ్గా ఇందుకే కదా వదిన నాచేత ఒట్టు వేయించుకుంది. కాసేపటి కింద ఆవిడ ప్రాణం కోసం భయపడ్డాను. ఇప్పుడు ఆవిడ చెయ్యి నా మాట వల్లే పోతోంది. ఇది కూడా నేను ఒప్పుకోదలచుకోలేదు.

వదిన తూకం దిగి నేరుగా వెళ్లి బల్ల ఎక్కి పడుకుంది. "నేను దిగను," అంది కప్పుకేసి చూస్తూ.

"అమ్మా, వినండి..."

"విన్నాను బాబూ, రెండు నెలల కిందే విన్నాను. తిని రమ్మన్నారు. తిన్నాను. గుడ్లు చూస్తే వాంతి వచ్చేదాకా తిన్నాను. మా తాత నాకన్నా సన్నం, ఎనభై ఏళ్లు బతికాడు. ఇంకో ఆరు కిలోలు పెరిగి వచ్చేసరికి ఈ వేళ్లు ఉంటాయా? నేను గుడ్డ కుట్టాలా, వేళ్లు కుట్టుకోవాలా? నన్ను దింపాలంటే నలుగురిని పిలవండి. ఇద్దరు చాలరు, నేను కొరుకుతాను."

"సార్," అన్నాను నేను. ట్రే ఇంకా నా చేతుల్లోనే ఉంది. "జబ్బుల డాక్టరు గారి కాగితం ఫైల్లో ఉంది. రక్తం బాగుంది, గుండె బాగుంది, అన్నీ బాగున్నాయి. బక్కగా ఉండడం తప్ప ఈవిడ చేసిన తప్పేం లేదు."

"దిమ్మలు?" అన్నారు ఎముకల డాక్టరు గారు.

"అది తప్పే సార్. కానీ లెక్క వేసి మందు ఇచ్చే చోటైతే ఈవిడకి ఆ దిమ్మలు మొయ్యాల్సిన పని ఏముంది? లెక్క వెయ్యక్కర్లేకుండా ఉండడానికే మనం గీత గీశాం. ఇరవై మూడు ఇవ్వండి. సన్నటి చేతికి అదే ఎక్కువ."

"చాలకపోతే? నొప్పి పుడితే?"

"నేను చెబుతాను కదా బాబూ," అంది వదిన. "నాకు నోరుందని ఈ ఆసుపత్రిలో ఇంకా ఎవరికైనా తెలియలేదా?"

ఎముకల డాక్టరు గారు మత్తు డాక్టరు గారికేసి తిరిగారు. "నాకు అభ్యంతరం లేదు. మీ ఇష్టం. మందు మీది."

ఆయన ఫైలు తెరిచి జబ్బుల డాక్టరు రాసిన కాగితం మొదటినుంచి చివరిదాకా చదివారు. చిన్న ముక్క మీద లెక్క వేసుకున్నారు. నేను ఇంట్లో కూరగాయల లెక్క వేసినట్టే, పక్కన గీత గీసి, కింద మొత్తం రాసి. ఆ ముక్క నాకు చూపించకుండానే జేబులో పెట్టుకున్నారు.

"ఒక సిరంజి మొత్తం, రెండో దాంట్లో మూడు," అన్నారు. "మిగతాది పారబొయ్యండి. నా కళ్లముందు."

పదిహేడు మిల్లీలీటర్లు నేను సింకులో పోస్తుంటే ఆయన చూస్తూ నిలబడ్డారు. "ఈ సంగతి ఇక్కడితో అయిపోలేదు," అని కూడా అన్నారు, నాకు మాత్రమే వినబడేట్టు.

"తెలుసు సార్," అన్నాను.

గాలి పట్టీ కింద దూది మూడు వరసలు చుట్టాం. అయినా నమ్మకం లేక, పట్టీ మీద ఇంకో గుడ్డ కట్టు కట్టారాయన. రబ్బరు పట్టీ విప్పేసరికి వదిన చెయ్యి మైనంలా తెల్లగా ఉంది. మందు మెల్లిగా ఎక్కించారు. పది గంటల పది నిమిషాలు. ప్లాస్టరు ముక్క మీద ఆ టైము రాసి పట్టీకి అంటించాను. చర్మం మీద మచ్చలు మచ్చలుగా రంగు మారింది. ఏడు నిమిషాలకి సూదితో గుచ్చి చూశారు.

"తెలుస్తోందా అమ్మా?"

"ఏది?"

"గుచ్చింది."

"గుచ్చారా? మా మరదలు వెన్నులో గుచ్చింది మాత్రం తెలుస్తోంది."

తొమ్మిది నిమిషాల్లో పని అయిపోయింది. ఒక్కసారి మాత్రం, కుట్లు వేసేటప్పుడు, వదిన పెదవి కొరుక్కుంది. ఏమిటని అడిగితే, ఏం లేదు కానివ్వమంది. ఎముకల డాక్టరు గారు చేతి తొడుగులు విప్పుతూ, "పట్టీ వదిలెయ్యండి, బయట ఇంకా నలుగురున్నారు," అన్నారు.

నేను నోరు తెరిచేలోపే మత్తు డాక్టరు గారు పట్టీకి గాలి కొట్టే మిషను మీద చెయ్యి వేశారు. "పదహారు నిమిషాలే అయింది. ఎవరూ ముట్టుకోవద్దు."

ఆయన స్టూలు లాక్కుని వదిన తల దగ్గర కూర్చున్నారు. బయట నలుగురూ ఆగారు. ఇరవై ఐదో నిమిషంలో గాలి వదిలి, మళ్లీ బిగించి, మళ్లీ వదిలారు. అలా మూడుసార్లు. తెల్లటి చేతిలోకి రక్తం తిరిగి వస్తుంటే వేళ్లు ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి. నేను వదిన మొహం మీదనుంచి కళ్లు తిప్పలేదు. కళ్లు తేలేస్తుందేమో, మొహం ఎగురుతుందేమో అని. లోపల దేవుణ్ణి తలుచుకుంటూనే ఉన్నాను, ఏ మొహం పెట్టుకుని అని అనిపిస్తున్నా సరే.

"నాలుక మందంగా ఉందా అమ్మా?" అని అడిగారు డాక్టరు గారు.

"నా నాలుకా?"

"చెవుల్లో ఏమైనా మోత వస్తోందా?"

"వస్తోంది. మా మరదలు దగ్గరుంటే ఎప్పుడూ ఉండేదే."

అరగంట గడిచాక ఆయన లేచి తదుపరి మనిషిని పిలవమన్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో దేవుడి ముందు చాలాసేపు నిలబడ్డాను. ఒట్టు తప్పానని ఒప్పుకున్నాను. శిక్ష వెయ్యాలనుకుంటే నాకే వెయ్యి, ఆవిడ చేతికి వద్దన్నాను. క్షమించమని అడుగుదామనుకున్నాను గాని ఆ మాట నోట్లోంచి రాలేదు. చేసిన పని తప్పనిపించనప్పుడు క్షమించమనడం ఆయన్ని మోసం చెయ్యడమే కదా. అదే చెప్పాను. పక్కగదిలోంచి వదిన మా ఆయనతో అంటోంది: "నీ పెళ్లానికి చెప్పు, ఒట్టు తప్పిన నోటితో నాతో మాట్లాడద్దని. పాలు మాత్రం వేడి చేసి తెమ్మను. చూపుడువేలు చురుక్కుమంటోంది, ఏడాదైంది అలా అనిపించి."

మర్నాడు పెద్ద సిస్టర్ గదికి రమ్మన్నారు. డాక్టరు అడిగిన మందు ఇవ్వకుండా పట్టుకుపోవడం, ఆపరేషన్ నలభై నిమిషాలు ఆలస్యం చెయ్యడం, బంధువు విషయం ముందే చెప్పకపోవడం. మూడింటికీ రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వమన్నారు. అక్కడే కూర్చుని రాశాను. వదిన దిమ్మల సంగతి రాశాను. తెలిసి కూడా నేను ఒట్టేసి దాచిన సంగతి, పద్దెనిమిదేళ్లు నేను లెక్క వెయ్యకుండా నింపిన సంగతి కూడా రాశాను. కిలోకి మూడు చొప్పున లెక్క కూడా వేసి చూపించాను, నలభై కిలోలకి, యాభైకి, అరవైకి.

పెద్ద సిస్టర్ కళ్లద్దాలు సవరించుకుని చదివారు. చదువుతూ మధ్యలో ఒకసారి ఆగి ఆ లెక్క తన వేళ్ల మీద వేసుకున్నారు. కాగితం నావైపు తిప్పి చివరి వాక్యం మీద వేలు పెట్టారు.

"ఇదొక్కటీ కొట్టెయ్యమ్మా. మిగతాది ఎలాగో సర్దుతాను. ఇది చూస్తే నిన్ను దుప్పట్లు ఉతికే గదికి పంపించేస్తారు. క్షమించండి అని ఒక్క మాట రాసెయ్యి, సరిపోతుంది."

మళ్లీ చదువుకున్నాను. 'లెక్క వెయ్యని సిరంజి నా చేతిలో ఉంటే రేపైనా ఇంతే, ఇవ్వను.' అక్షరాలు కొంచెం వంకరగా ఉన్నాయి గాని, అర్థమవుతోంది.

"కొట్టెయ్యను సిస్టర్," అని, కింద సంతకం పెట్టాను.